బొంగరం పడిన తీరు

టెలిఫోన్ ఆఫీసు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టులో చాలాకాలం ఆడిన ఆ పొట్టి మనిషికి పెట్టిన పేరు ఒకటి, పిలిచిన పేరు ఒకటి. పెట్టిన పేరుతో జీతాల రోజున గుమాస్తా ఒక్కడే పిలిచేవాడు. మిగతా ఊరంతటికీ ఆవిడ బొంగరం. ఎవరైనా వచ్చి తగిలితే గిర్రున తిరిగి, కాస్త ఊగి, దబ్బున పడేది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకి కళ్ళున్నాయి.

పడడం ఆవిడకి పుట్టింట్లో అబ్బిన విద్య. నలుగురు అన్నల తర్వాత పుట్టింది. తండ్రి సైకిళ్ళు బాగుచేసేవాడు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. లోపల పిల్లలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తే ఆయన చేతిలో పానాతోనే తలుపు తీసేవాడు. ఎవరు నేలమీద ఉన్నారో చూసేవాడు, నిలబడ్డవాణ్ణి తిట్టేవాడు, మళ్ళీ వెళ్ళి చక్రం ముందు కూర్చునేవాడు. విచారణ అంతే. పలక పట్టని వయసులోనే పిల్లకి ఈ న్యాయం బోధపడింది. అన్న చెయ్యెత్తితే చాలు, ఆ చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే తను నేలమీద ఉండేది. పెద్దన్న ఇప్పటికీ అంటాడు, దాన్ని ఒక్కసారైనా కొట్టిన గుర్తు లేదు, దాని మూలంగా తిన్న తిట్లు మాత్రం ఇంకా అరగలేదు అని.

బళ్ళో ఆడపిల్లల జట్టుకి ఒక ఏడాది నలుగురే దొరికారు. ఐదుగురు లేకపోతే ఆట మొదలుపెట్టనివ్వరు. డ్రిల్లు మేష్టారు వరండాలో అటుగా పోతున్న ఈ పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ఒక మూల నిలబడమన్నాడు. బంతి దగ్గరికొస్తే పక్కనున్న పిల్లకి ఇచ్చెయ్యమన్నాడు. అంతకుమించి ఏమీ చెయ్యొద్దన్నాడు. పిల్ల బుద్ధిగా నిలబడింది. ఆట సగంలో అవతలి జట్టు పిల్ల ఒకతె బంతి మీద ధ్యాసలో వెనక్కి వస్తూ భుజంతో తగిలింది. తగిలిందంటే, తలుపు తీస్తే గాలి తగిలినంత. మన పిల్ల రెండు చుట్లు తిరిగి గీత అవతల వెల్లకిలా పడింది. రిఫరీ ఈల వేసి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. అంటే ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి, తీరిగ్గా గురి చూసుకుని బుట్టలోకి వేసుకోవచ్చు. తండ్రి కొట్టులో అరిగిపోయిన బేరింగు గుండ్లని గుమ్మంలో నిలబడి మూలనున్న డబ్బాలోకి విసరడం ఆ పిల్లకి రోజూ ఆటే. గుండు కన్నా బంతి పెద్దది, డబ్బా కన్నా బుట్ట పెద్దది. రెండూ వేసింది.

డ్రిల్లు మేష్టారికి పెరట్లో లంకెబిందెలు దొరికినట్టయింది. ఆరోజు నుంచి ఆ పిల్ల మూల నిలబడలేదు. ఎక్కడ రద్దీ ఎక్కువగా ఉంటే అక్కడ నిలబడేది.

పడడమంటే అందరూ పడతారు. దాన్ని ఒక పనితనంగా చేసుకున్నది ఈవిడే. చేతుల మీద పడితే మణికట్టు విరుగుతుంది కాబట్టి తుంటి పక్కకి తిప్పి జారాలి. జారుతూ అరచేత్తో నేలని చరిస్తే చప్పుడు గాలరీ దాకా వినిపిస్తుంది. ఊపిరి ముందే బిగబట్టి, తగిలీ తగలకముందే 'హుక్' మని వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడ్డాక రిఫరీ వైపు చూడకూడదు. రిఫరీ వైపు చూసేవాళ్ళు న్యాయం అడుగుతున్నారని తెలిసిపోతుంది. తనవాళ్ళ వైపు చూసి, ఏం ఫర్లేదు అన్నట్టు నీరసంగా నవ్వాలి. ఆ నవ్వు చూసి కరగని రిఫరీ అప్పటికి ఆ ఊళ్ళో పుట్టలేదు.

ఆ నవ్వు మీదే టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. జట్టు కోసం తీసుకున్నారు. పగలంతా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ట్రంకు బోర్డు ముందు కూర్చుని తీగలు కలపడం, సాయంత్రం ఆఫీసు వెనక కేబుల్ చుట్టల పక్కనున్న సిమెంటు కోర్టులో ఆడడం. పొట్టిగా ఉన్నందువల్ల బోర్డు పైవరసలు అందడానికి స్టూలు వేసుకునేది. ఆటలో బుట్ట అందడానికి అవతలివాళ్ళ తప్పుల్ని స్టూలుగా వేసుకునేది. ఆ మాట ఆవిడే అనేది, సిగ్గు లేకుండా.

పెళ్ళి కళ్ళద్దాల కొట్టు నడిపే ఆయనతో అయింది. నెమ్మదస్తుడు. కొత్తల్లో ముచ్చటపడి ఒక్కసారి ఆట చూడడానికి వచ్చాడు. పెళ్ళాం పడగానే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి, గీతలన్నీ దాటుకుని కోర్టు నడిమధ్యకి పరుగెత్తాడు, "డాక్టర్ని పిలవండి" అంటూ. ఆవిడ పళ్ళ బిగువున, "ఏమండీ, మీరు పొండి, నాకేం కాలేదు" అంటుంటే రిఫరీ విన్నాడు. ఆ ఈల వెనక్కి పోయింది. ఆరోజు నుంచి ఆయన ఆటకి రాకూడదని ఇంట్లో చట్టం. ఆయన కూడా వచ్చేవాడు కాదు గానీ, ఆట ఉన్న ప్రతి సాయంత్రం నొప్పుల మందు పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. రాయించుకోవడం తప్పేది కాదు.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో కొత్త రిఫరీ వచ్చాడు. ఆయన ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. సన్నగా, నిట్టనిలువుగా, గోడకి కొట్టిన స్కేలులా ఉండేవాడు. సొంత బావమరిది కొట్టుకి వెళ్ళి, టీ తాగి, కప్పు కింద పెట్టి, కాటా సరిగ్గా లేదని దానికి సీలు వేసి వచ్చిన మనిషి. ఆటగాళ్ళు ఆయన్ని తక్కెడ అనేవారు, ఆయన లేనప్పుడు.

మొదటి ఆటలో బొంగరం తన విద్య అంతా చూపించింది. ఒకసారి పడింది, ఈల లేదు. మళ్ళీ పడింది, లేదు. మూడోసారి ఎంత బాగా పడిందంటే సొంత జట్టువాళ్ళే కంగారుపడ్డారు. తక్కెడ తీరిగ్గా నడిచొచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, ఎవరికీ వినపడకుండా, "లేవండమ్మా, నేల మురికిగా ఉంది" అన్నాడు.

ఆ మాటతో ఇద్దరికీ యుద్ధం మొదలైంది. ఆవిడ కొత్త కొత్త పడకలు కనిపెట్టేది, ఆయన వాటన్నిటినీ తూచి పక్కన పెట్టేవాడు. ఒకసారి అవతలి పిల్ల ఇంకా దూరంగా ఉండగానే పడిపోయిందని ఆవిడ మీదే ఫౌల్ వేశాడు. ఉక్రోషం పట్టలేక ఆవిడ మర్నాడు మొగుడి కొట్టు చిరునామా కార్డు తెచ్చి, ఎవరూ చూడకుండా ఆయన సంచీలో పడేసింది. తక్కెడ నొచ్చుకోలేదు. కార్డు పట్టుకుని కొట్టుకి వెళ్ళి, కళ్ళు పరీక్ష చేయించుకుని, రెండు కళ్ళూ దివ్యంగా ఉన్నాయని ఆ అమాయకుడి చేతే కాగితం మీద రాయించి, తర్వాతి ఆటకి ముందు అందరి ఎదుటా ఆవిడకి చదివి వినిపించాడు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ఈల పట్టుకున్న ఆటల్లో పడి లాభం లేదు కాబట్టి, బొంగరం చచ్చినట్టు ఆట నేర్చుకుంది. బంతి నేలకి తక్కువ ఎత్తులో కొడుతూ పొడుగువాళ్ళ మోచేతుల కిందనుంచి దూరిపోవడం, చూపు ఒకవైపు పెట్టి బంతి ఇంకోవైపు ఇవ్వడం, ఇవన్నీ ఆయన పుణ్యమే. ఆ మాట ఆవిడ చాలామందితో అంది, ఆయనతో తప్ప.

ఇక ఆ ఫైనల్ సంగతి.

ప్రభుత్వ శాఖల మధ్య పోటీల్లో టెలిఫోన్ వాళ్ళకీ కరెంటు ఆఫీసు వాళ్ళకీ ఆట పడింది. కరెంటు ఆఫీసు జట్టులో ఒక మహా పొడుగు పిల్ల ఉండేది. ఏ ఆఫీసో తెలుసు, ఎంత పొడుగో తెలుసు, ఇంకేం పేరు పెడతారు, స్తంభం అన్నారు. కోపం వస్తే తప్ప నోరు విప్పేది కాదు. కోపం తొందరగానే వచ్చేది. ఆరోజు అప్పటికే ఆమె మీద నాలుగు ఫౌళ్ళున్నాయి. ఐదోది పడితే బయటికి పోవాలి. టెలిఫోన్ వాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఇంకో గుక్కెడు సేపట్లో ఆట అయిపోతుంది. బంతి బొంగరం చేతికొచ్చింది.

తక్కెడ ఉన్నాడు కాబట్టి పడే ఆలోచనే లేదు. నిజాయితీగా బుట్ట వైపు పరుగెత్తింది. వెనక స్తంభం వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఊడిన బూటు లేసు ఒకటి కాళ్ళ మధ్య కొట్టుకుంటున్నట్టు కూడా తెలుస్తోంది. కట్టుకునే తీరిక ఎక్కడిది. ఇంకో రెండు అంగల్లో బుట్ట అనగా కాలు ఎక్కడో పట్టేసింది. నరికిన అరటిచెట్టులా బోర్లా పడింది. తుంటి తిప్పలేదు, చెయ్యి చరచలేదు, 'హుక్' అనలేదు. గడ్డం నేలకి కొట్టుకుంది. ఇన్నేళ్ళలో అంత అధ్వాన్నంగా ఎప్పుడూ పడలేదు. తన లేసు తనే తొక్కుకుని ఫైనల్ పోగొట్టానని సిగ్గుతో కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఈల మోగింది.

కళ్ళు తెరిచేసరికి తక్కెడ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. తర్వాత రెండు అరచేతులూ ముందుకి తోసి చూపించాడు, స్తంభం తోసిందని. ఆమె మీద ఐదో ఫౌల్. స్తంభం చేతులు రెండూ చాపి, "నా చెయ్యి తగల్లేదు. ఒట్టు. నా చెయ్యి తగల్లేదు" అని అరిచింది. ఆయన రాయిలా నిలబడ్డాడు. ఆమె తువ్వాలు నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది. బొంగరం గడ్డం మీద రక్తం తుడుచుకుని గీత దగ్గర నిలబడింది. రెండూ వేసింది. కప్పు టెలిఫోన్ ఆఫీసుకి వచ్చింది. కొన్నాళ్ళు అద్దాల బీరువాలో ఉండి, ఆ తర్వాత పెద్ద గుమాస్తా బల్లమీద పెన్నులు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఆ రోజు తర్వాత తక్కెడ మళ్ళీ ఈల పట్టలేదు. పెద్దమనిషి, గౌరవంగా తప్పుకున్నాడనుకున్నారు. బొంగరానికి మాత్రం లోపల ఒక తిక్క సంతోషం. ధర్మరాజులాంటివాడు ఒక్కసారి తప్పు ఈల వేశాడు, అదీ తన కోసం. ఎందుకు వేశాడో అంతుపట్టలేదు. తనమీద ఇన్నేళ్ళకి జాలి కలిగిందేమో అనుకుంది. తన గడ్డం దెబ్బ చూసి మనసు కరిగిందేమో అని కూడా అనుకుంది. ఏదైతేనేం, వచ్చింది వదులుకునే రకం కాదు.

మరికొన్నేళ్ళు ఆడింది. ఆఫీసులోకి తనంతట తను నంబర్లు కలుపుకునే యంత్రాలొచ్చాయి, ట్రంకు బోర్డు పోయింది, దాంతోపాటు జట్టూ పోయింది. ఆవిడ్ని ఫిర్యాదుల కిటికీలో కూర్చోబెట్టారు. ఫోను మూగబోయిందని జనం నిప్పులు కక్కుతూ వచ్చేవారు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. ఆ మాటలు ఛాతీకి తగిలినట్టు కుర్చీలో కాస్త వెనక్కి వాలి, నీరసంగా నవ్వేది. తిట్టడానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు కావాలా తల్లీ అని అడిగి వెళ్ళేవారు. ఉద్యోగం చివరిదాకా ఆ కిటికీ ఆవిడదే. ఇంకెవరికి ఇచ్చినా గొడవలు పెరిగేవి.

కూతురు పెరిగి, ఆసుపత్రి లాబొరేటరీలో ఉద్యోగంలో చేరింది. అక్కడే పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి బుద్ధిమంతుడే. తండ్రి ఏం చేసేవాడని అడిగితే, రిటైరయ్యారు, తూనికలు కొలతల్లో పనిచేశారు అంది. బొంగరం చేతిలో గరిటె ఆగిపోయింది. కాస్త పొడుగ్గా, సన్నగా ఉంటాడా అని అడిగింది. అవునంది కూతురు. ఎప్పుడూ ఎవరో తప్పు చేస్తున్నట్టు చూస్తాడా అని అడిగింది. నీకెలా తెలుసంది కూతురు.

మాట్లాడుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళారు. చిన్న ముందుగది. కుర్చీలు గోడకి సమానదూరంలో ఉన్నాయి. బల్లమీద పత్రికలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. తలుపు పక్క మేకుకి ఒక ఇత్తడి ఈల, నల్లతాడుతో వేలాడుతోంది. లోపలినుంచి తక్కెడ వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం ఇంకా నిట్టనిలువే. ఆవిడ్ని చూసి ఆగాడు. అందరూ చూస్తుండగా, మొహంలో ఏ మార్పూ లేకుండా అడిగాడు.

"ఏమ్మా, ఈసారి ఎటువైపు పడదామని వచ్చారు?"

"మీ ఇంటివైపేనండి అన్నయ్యగారూ," అంది బొంగరం. "అలవాటు పోదు కదా."

కళ్ళద్దాల ఆయనకి ఏమీ అర్థం కాక, ఎందుకైనా మంచిదని జేబులో మందు సీసా ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. పెళ్ళి కుదిరింది.

అలా శత్రువులిద్దరూ వియ్యంకుడూ వియ్యపురాలూ అయ్యారు. వియ్యాలవారి మధ్య ఎత్తిపొడుపులు ఎక్కడైనా ఉండేవే. వీళ్ళకి పాత బాకీలు కూడా తోడయ్యాయి. మనవరాలు పుట్టాక రెండు ఇళ్ళకీ రాకపోకలు పెరిగాయి. పాల సీసా మీద గీత దగ్గర కళ్ళు పెట్టి ఆయన కొలిచేవాడు. ఆయన అటు తిరగగానే బొంగరం ఇంకో చెంచా కలిపేది.

ఒక మధ్యాహ్నం తక్కెడ ఇంట్లో వియ్యపురాళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నారు. తక్కెడ భార్య మందుల కొట్టులో పనిచేసిన మనిషి, ప్రతివాళ్ళ జబ్బులూ ఆవిడ నాలుక మీదే ఉంటాయి. మాటల్లో ఆయన దుమ్ము జబ్బు సంగతి వచ్చింది. దుమ్ము పడదు, పడితే తుమ్ములు ఆగవు.

"మీరు కప్పు గెలిచిన రోజు కూడా అంతే వదినగారూ," అంది. "పొద్దున అటక దులిపాను. వద్దండీ, ఇవాళ వెళ్ళకండీ అంటే విన్నారు కాదు. తుమ్ముతూనే వెళ్ళారు. రాత్రి భోజనం కూడా చెయ్యలేదు. మర్నాడు ఈల ఆ మేకుకి తగిలించారు. ఎందుకని అడిగితే చెప్పరు."

బొంగరం టీ కప్పు కింద పెట్టింది. ఆనాటి ఈల చెవుల్లో మళ్ళీ మోగింది. తక్కెడ ఈల ఎప్పుడూ గీత గీసినట్టు ఒకే తీరున మోగేది. ఆరోజు మాత్రం 'ఫ్రుర్ర్' మని పగిలినట్టు వచ్చింది. దెబ్బ తగిలి చెవులు గింగురుమంటున్నాయేమో అనుకుంది అప్పట్లో. ఇప్పుడు అంతా తేటతెల్లమైంది. జాలీ లేదు, కరగడమూ లేదు. నోట్లో ఈల పెట్టుకుని మనిషి తుమ్మాడు. మోగిన ఈలని వెనక్కి తీసుకోలేక, ఎదురుగా కనిపించిన స్తంభం మీద తోసేశాడు.

ఊరికే అనుకోవడం ఆవిడకి చాలదు, తేల్చుకోవాలి. ఆ ఆదివారం తక్కెడ కొడుకింట్లో బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతుంటే, ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుని, మిరియాల పొడి డబ్బా మూత తీసి, ఉండలు కట్టిందేమో చూస్తున్నట్టు ఊదింది. ఆయన ముక్కు ఎగరేశాడు. పేపరు దించాడు. ఇల్లదిరేలా తుమ్మాడు. వెంటనే బొంగరం చెయ్యి పైకెత్తి, రెండు అరచేతులూ ముందుకి తోసి చూపించి, "రెండు ఫ్రీ త్రోలు" అంది.

ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది.

"తుమ్మితే ఊడే ముక్కు సంగతి విన్నాను గానీ అన్నయ్యగారూ," అంది మెల్లగా, "తుమ్మితే వచ్చిన కప్పు సంగతి ఇదే వినడం."

ఆయన తేలుకుట్టిన దొంగలా పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

ఆ తర్వాత కొన్ని నెలలు బొంగరం జీవితంలో అత్యంత సుఖంగా గడిచాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే అయిపోతుంది కదా. పాలు ఎక్కువయ్యాయని ఆయన నోరు తెరవబోతే చాలు, ఆవిడ చూపుడువేలితో ముక్కు రుద్దుకునేది. ఆయన నోరు మూసుకునేవాడు. పిల్లని ఎత్తుకునే వంతు, ఫ్యాను వేగం, కిటికీ పక్క కుర్చీ, అన్నీ ఆవిడవే. ఈ మనిషికి ఏమయింది, ఇంత మెత్తబడ్డాడు అని భార్య ఆశ్చర్యపోయేది.

ఇంతలో పిలుపొచ్చింది. స్తంభం ఇప్పుడు ఒక బళ్ళో ఆడపిల్లలకి ఆట నేర్పుతోంది. అక్కడ కొత్త కోర్టు వేశారు. పాతవాళ్ళందరినీ పిలిచి సరదాగా ఒక ఆట ఆడిద్దామని ఆమె ఆలోచన. బొంగరానికి ఫోను చేసి రమ్మంది. రిఫరీగా మీ వియ్యంకుణ్ణి తీసుకురమ్మంది. మాట ముగించేముందు, ఆయనకి నేనింకా ఒక మాట బాకీ ఉన్నానని చెప్పు అని కూడా అంది.

ఈ సంగతి చెబితే తక్కెడ రానన్నాడు. మోకాళ్ళు నొప్పులన్నాడు, ఎండ అన్నాడు. బొంగరం అలవాటుగా ముక్కు మీదికి వేలు పోనిచ్చింది. ఈసారి ఆయన తల తిప్పుకోలేదు.

"మీరు నవ్వుకుంటున్నారు, నవ్వుకోండి," అన్నాడు. "ఊళ్ళో ప్రతి కొట్టుకీ వెళ్ళి, ఆవగింజంత తేడా ఉంటే సీలు వేసేవాణ్ణి. ఆ అమ్మాయి ఒట్టు పెట్టుకుని అరుస్తుంటే, తుమ్మానమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. అంతమందిలో నామోషీ అనిపించింది. ఆ తర్వాత ఏ కొట్టుకి వెళ్ళి కాటా చూసినా ఆ అమ్మాయే కనిపించేది."

బొంగరం వేలు ముక్కు దాకా పోకుండానే ఒళ్ళోకి వచ్చింది. ఇన్నాళ్ళూ తను ఒక సరదా గిల్లుతున్నాననుకుంది. అది పుండని తెలియలేదు. జీవితంలో దొంగ దెబ్బలే తప్ప నిజం దెబ్బలు పెద్దగా ఎరగని మనిషి, కుర్చీ కాస్త ఆయన దగ్గరికి జరుపుకుని, "అయితే వచ్చి ఆమెకే చెప్పండి అన్నయ్యగారూ. నేను పక్కనుంటాను," అంది.

తక్కెడ భార్యని కూడా తోడు తీసుకుని వెళ్ళారు. కొత్త కోర్టు ఎర్రగా, గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. పాత జట్లవాళ్ళు నడుముకి పట్టీలు, మోకాళ్ళకి తొడుగులు వేసుకుని దిగారు. పరుగు కన్నా ఆయాసం ముందు వచ్చింది. బంతి వెనక ఎవరూ పడలేదు, బంతే వాళ్ళ దగ్గరికి రావాల్సి వచ్చింది. స్తంభం కాస్త వంగింది గానీ ఇప్పటికీ అందరికన్నా ఒక తల ఎత్తు. తక్కెడ ఈల మాత్రం పాతదే, గీత గీసినట్టు మోగింది. టెలిఫోన్ వాళ్ళే గెలిచారు. అవతలి జట్టులో ఇద్దరు మధ్యలో కూర్చుండిపోయారు కాబట్టి దాన్ని గెలుపు అనొచ్చో లేదో.

ఆట అయ్యాక బళ్ళో సామాన్ల గదిలో టీ ఇచ్చారు. గోడ పొడుగునా వలసంచుల్లో బంతులు, మూలన ఒక పాత స్కోరు బోర్డు. స్తంభం బల్లమీద కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుతోంది. తక్కెడ ఆమె ముందుకి వెళ్ళి, అటెన్షన్‌లో నిలబడి, మొత్తం చెప్పేశాడు. అటక దగ్గర మొదలుపెట్టి తుమ్ము దాకా, తుమ్ము దగ్గర్నుంచి ఐదో ఫౌల్ దాకా. కప్పు న్యాయంగా మీదేనమ్మా, నన్ను క్షమించు అన్నాడు. పక్కనే నిలబడ్డ బొంగరం, అప్పుడు తన లేసు తనే తొక్కుకున్నాననీ, తెలిసీ నోరెత్తలేదనీ తన వంతు కలిపింది.

స్తంభం బిస్కెట్టు మెత్తబడి టీలో పడిపోయింది. ఆమె వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నీ లేసు నువ్వు తొక్కుకోలేదే," అంది బొంగరంతో. "నేను తొక్కాను."

టీలో పడ్డ బిస్కెట్టుని చెంచాతో తీసి పక్కన పెట్టింది స్తంభం.

"కావాలనే తొక్కాను. ముందునుంచీ అది ఊడి వేలాడుతుంటే చూస్తున్నాను. నిన్ను పట్టుకోవడం నా వల్ల కాదని తెలిసి, కాలు వేశాను."

"మరి ఒట్టు పెట్టుకున్నావు కదమ్మా," అన్నాడు తక్కెడ.

"చెయ్యి తగల్లేదన్నాను. తగల్లేదు కూడా. కాలు సంగతి ఎవరైనా అడిగారా?" అంది స్తంభం. "ఇన్నేళ్ళూ మీరేదో డేగ కళ్ళవాళ్ళనీ, అంత రద్దీలో నా కాలు చూసేశారనీ అనుకున్నాను. నేను బాకీ ఉన్న మాట అదే. మీకు దణ్ణం పెట్టి ఒప్పుకుందామని పిలిచాను. తీరా చూస్తే మీరు తుమ్మారా?"

తక్కెడ అడిగింది ఒక్కటే.

"ఏ కాలు?"

"ఎడమ."

ఆయన కళ్ళు మూసుకుని, కోర్టు అంతా ఊహలో పరిచి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకున్నాడు. "అయితే ఫౌల్ సరైనదే," అన్నాడు నెమ్మదిగా. "సైగ ఒక్కటే తప్పు. తోసినట్టు చూపించాను. అడ్డగించినట్టు చూపించాల్సింది."

ఆ మాట అంటూ ఉండగానే ఆయన వెన్ను నిటారుగా సాగడం బొంగరం కళ్ళారా చూసింది. తిరుగు ప్రయాణంలో బస్సెక్కేసరికి పూర్తిగా సాగింది. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. తను నిలబడ్డ చోటునుంచి ఆ ఎడమకాలు కనిపించే ఉంటుందట. మనసుకి తెలియకపోయినా కంటికి తెలిసే ఉంటుందట. లేకపోతే ఆ తుమ్ము సరిగ్గా ఆ క్షణానికే ఎందుకు వస్తుందట. ముందు సీట్లో కూర్చున్న భార్య వెనక్కి తిరిగి, "ఏం చేశారు వదినగారూ ఈయన్ని? పొద్దున బాగానే ఉన్నారు కదా," అంది. బొంగరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మేలుకి పోతే కీడు ఎదురవడమంటే ఏమిటో ఆవిడకి ఆ బస్సులో తెలిసొచ్చింది.

మర్నాడు మనవరాలి పాల దగ్గర ఆయన సీసా కళ్ళ ఎత్తుకి లేపి, గీత మీద ఇంత ఎక్కువైందని నిర్మొహమాటంగా చెప్పి, ఒక చెంచా తీసి పారబోశాడు. ఆవిడ వేలు అలవాటుకొద్దీ ముక్కు దాకా వెళ్ళింది.

"దురదగా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు తక్కెడ. కిటికీ పక్క కుర్చీ లాక్కుని అందులో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొస్తే కళ్ళద్దాల ఆయన గుమ్మంలోనే ఎదురయ్యాడు. నిన్న ఆట ఎలా జరిగిందో తీరిగ్గా చెప్పనేలేదే అని అడిగాడు.

"గెలిచామండీ," అంది చెప్పులు విడుస్తూ. "కానీ మాకన్నా అన్నయ్యగారే ఎక్కువ గెలిచారు."